లోహమునకు మెరుగు – మనిషికి ఆరోగ్యము
మోటారు సైకిలు భాగములకు రక్షణపూతలను ఎన్నుకొను విధము

ఒకప్పుడు మన ఊళ్ళలో కళాయివాడు అప్పుడప్పుడు వీధిలోనికి వచ్చెడివాడు. ఇత్తడి గిన్నెను కొలిమిపై వేడిచేసి, నవాసారము చల్లి, తగరమును కరగించి గుడ్డతో లోపల తుడిచిన మాత్రమున గిన్నె వెండివలె మెరసెడిది. గృహిణికి అది కేవలము అలంకారము కాదు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు కాచినచో చిలుము దిగి కడుపు చెడునని ఆమె ఎరుగును. ఒక లోహముపై మరియొక లోహమును పలుచగ పరచి, అడుగు లోహమును గాలికి, నీటికి, పులుపునకు అందకుండ కాపాడుట అను సూత్రము మన వంటయింటికి క్రొత్తది కాదు.

నేడు అదే సూత్రము వాకిట నిలిచియున్న మోటారు సైకిలునకు వర్తించుచున్నది. పాలు పోయు రైతునకు, బడికి పోవు పంతులునకు, ఇంటింటికి సరకు చేర్చు యువకునకు ఈ వాహనమే జీవనాధారము. మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి వీచుట చేత రెండు మూడు వర్షకాలములు గడచునప్పటికి మడ్గార్డు అంచులు, స్పోకులు, సైలెన్సరు, బోల్టుల తలలు ఎర్రబారును. అప్పుడు యజమాని వాహనమును దుకాణమునకు తీసికొనిపోయి, “ఏ పూత మేలు?” అని అడుగును. ఇది ఉచితమైన ప్రశ్నయే. కాని దాని వెంట అడుగవలసిన రెండవ ప్రశ్న యొకటి కలదు: “ఈ పూతను వేయువాని ఊపిరితిత్తులకు, చర్మమునకు, ఆ దుకాణము ప్రక్కనున్న బావినీటికి ఏమగును?” ఈ రెండు ప్రశ్నలను కలిపి ఆలోచించినప్పుడే ఎంపిక సంపూర్ణమగును.

తుప్పు ఏల పట్టును?

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు – ఈ మూడును కలిసినప్పుడు తుప్పు పుట్టును. మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను తుప్పు పట్టదు. నీటిలో ఉప్పు చేరినచో ఆ నీరు విద్యుత్తును సులభముగ ప్రసరింపజేయును. దానివలన తుప్పు త్వరపడును. అల్యూమినియముపై ఏర్పడు ఆక్సైడు పొర గట్టిగ అంటుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్టిది కాదు. అది బోలుగ ఉబ్బి, నీటిని పీల్చి, పెచ్చులుగ రాలిపోయి, క్రొత్త ఇనుమును మరల గాలికి బయలుపరచును. కావున తుప్పుపై రంగు వేయుట వలన ప్రయోజనము లేదు. మొదట తుప్పును, జిడ్డును పూర్తిగ తొలగించి, ఉపరితలమును ఆరబెట్టిన పిమ్మటనే ఏ పూతయైనను నిలుచును.

పూతలు రెండు విధములు

మొదటి విధము అడ్డుగోడ వంటిది. రంగు, పౌడరుపూత, నికెలుపై క్రోమియము ఈ తెగకు చెందును. పొర చెక్కు చెదరక యున్నంతవరకు లోపలి ఉక్కు క్షేమముగ నుండును. రాయి తగిలి చిన్న రంధ్రమైనను ఏర్పడినచో, తేమ అక్కడినుండి లోపలికి ప్రవేశించి పొర క్రిందుగనే ప్రాకును.

రెండవ విధము తన్ను తాను అర్పించుకొని ఉక్కును కాపాడునట్టిది. జింకు, అనగా యశదము, ఇట్టి లోహము. అది ఉక్కుకంటె ముందుగ కరగుట చేత, చిన్న గీత పడినను ఆ గీత వద్ద ఉక్కు తుప్పుపట్టక కొంతకాలము నిలుచును. జింకు తరిగిపోయినకొలది రక్షణ తగ్గును. కావున జింకుపొర ఎంత దళసరియో అంత ఎక్కువ కాలము పనిచేయును.

క్రోమియము మెరుపును చూచి అదియే ఉక్కును కాపాడుచున్నదని అనేకులు భావింతురు. వాస్తవమున అలంకారమునకు వేయు క్రోమియముపొర మిల్లీమీటరులో వెయ్యవ వంతు కూడ ఉండదు. దాని పని గీతలు పడకుండ, మెరుపు మాయకుండ చూచుట. తేమను అడ్డుకొనునది దాని అడుగున, దానికి అనేక రెట్లు దళసరిగ నున్న నికెలుపొర. నికెలును పొదుపు చేసి పైన క్రోమియము మాత్రము మెరిపించిన పని ఒక్క వర్షకాలములోనే బయటపడును.

ఏ భాగమునకు ఏ పూత?

చట్రమునకు, స్టాండులకు పౌడరుపూత తగినది. విద్యుదావేశము గల పొడిని చిమ్మి, సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినప్పుడు అది కరగి ఏకమైన పొరగ గట్టిపడును. ఇందులో థిన్నరు వంటి ద్రావకములు లేకుండుట చేత పనివాని ఊపిరికి బెడద తక్కువ. అయినను పొడి గాలిలో ఎగురును గనుక మూసిన గదియు, పొడిని లాగివేయు యంత్రమును, ముఖమునకు తగిన ముసుగును అవసరమే.

పెట్రోలు ట్యాంకునకు, మడ్గార్డులకు ప్రైమరుపై రంగు వేయుట పరిపాటి. ట్యాంకును కాల్చు పొయ్యిలో పెట్టుటకు గాని, వెల్డింగు చేయుటకు గాని ముందు అందులో పెట్రోలు ఆవిరి ఏ మాత్రము మిగులకుండ చూడవలెను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. ఏలయన మండునది ద్రవము కాదు, గాలితో కలిసిన ఆవిరి.

సైలెన్సరునకు సాధారణపు రంగు గాని, పౌడరుపూత గాని నిలువదు. 500 డిగ్రీలకు మించిన వేడిని ఓర్చునని డబ్బాపై వ్రాసియున్న సిలికోను రంగును వాడవలెను. నట్లు, సామాన్యపు బోల్టులు, స్పోకులకు జింకుపూత చౌక, మన్నిక గలది. అల్యూమినియపు భాగములకు ఆనోడైజింగు మేలైన పద్ధతి. ఇంటిలోనైనచో మెరుగుపెట్టి మైనము పూయుట చాలును. వీటిని ఆమ్లముతోను, కాస్టిక్ సోడాతోను కడుగరాదు. అవి రెండును అల్యూమినియమును తినివేయును.

ముందు ఫోర్కు గొట్టములపై నుండునది గట్టి క్రోమియము. దానిపై రంగు వేసినచో సీళ్ళు చెడి నూనె కారును. గుంటలు పడిన గొట్టమును మరల క్రోమియము వేయించి, సరియైన కొలతకు సానపట్టించుటయో, క్రొత్తది కొనుటయో చేయవలెను. ఇక బ్రేకు డిస్కు ముఖమునకు, బ్రేకు డ్రమ్ము లోపలి వైపునకు రంగు, నూనె, మైనము ఏదియు తగులరాదు. అచ్చట తుప్పుకంటె జారుడు ప్రాణాంతకము.

బలమైన బోల్టుల విషయము

తలపై 10.9 అనియు, 12.9 అనియు అంకెలు గల బోల్టులు అధిక బలము గల ఉక్కుతో చేయబడినవి. బ్రేకులను, హ్యాండిలును, ఇరుసును పట్టియుంచు చోట ఇట్టివి కానవచ్చును. వీటిని తుప్పు వదలించుటకు ఆమ్లములో ముంచినను, విద్యుత్తుతో జింకు గాని క్రోమియము గాని పూసినను, ఆ చర్యలో పుట్టు హైడ్రోజను ఉక్కులోనికి చొరబడును. అట్టి బోల్టు చూపునకు క్రొత్తదానివలె మెరయును; బిగించునప్పుడు లోపము కానరాదు. కొన్ని గంటలకో, కొన్ని దినములకో, భారము మీదనుండగ అకస్మాత్తుగ విరుగును.

పెద్ద కర్మాగారములలో పూత పూసిన కొద్ది గంటలలోనే ఇట్టి బోల్టులను సుమారు 200 డిగ్రీల వేడిలో అనేక గంటలు కాల్చి హైడ్రోజను కీడును తొలగింతురు. చిన్న దుకాణములలో ఈ ఏర్పాటు అరుదు. కావున బలమైన బోల్టులను మరల పూత వేయింపక, అదే అంకె గల క్రొత్త బోల్టులను కొనుట క్షేమము. కొలది రూపాయల ఆదాకై ప్రాణమును పణముగ పెట్టుట వివేకము కాదు.

తొట్టి ప్రక్కన నిలుచున్నవాడు

వాహనముపై నిలిచిన క్రోమియము లోహము విషము కాదు. దానిని తాకుటవలన గాని, తుడుచుటవలన గాని యజమానికి భయము లేదు. విషము తొట్టిలోని ద్రావణములో కలదు. సాంప్రదాయిక పద్ధతిలో ఆ ద్రావణము క్రోమికామ్లముతో చేయబడును. అందులోని క్రోమియము షట్సంయోజక రూపమున నుండును. విద్యుత్తు ప్రసరించునప్పుడు దానిలో అధికభాగము క్రోమియమును పూయుటకు కాక హైడ్రోజను బుడగలను పుట్టించుటకే వ్యయమగును. ఆ బుడగలు పైకి వచ్చి పగిలినప్పుడు క్రోమికామ్లపు తుంపరలు సన్నని మంచువలె గాలిలో లేచును. తొట్టిపై వంగి భాగములను ముంచుచు, తీయుచు నుండువాడు దినమంతయు ఆ గాలినే పీల్చును.

ఈ కీడు నేడు క్రొత్తగ కనుగొనబడినది కాదు. 1827లో స్కాట్లండునందలి గ్లాస్గో నగర వైద్యుడు విలియం క్యూమిన్ క్రోమేటు లవణములతో పనిచేయువారి చేతులపై పుట్టు పుండ్లను వర్ణించెను. క్రోమియము పూత పరిశ్రమగ వ్యాపించిన కొలది కాలమునకే, 1928లో, అమెరికా ప్రజారోగ్య శాఖ పక్షమున బ్లూంఫీల్డు, బ్లమ్ అనువారు పూత తొట్ల వద్ద పనిచేయువారిని పరీక్షించి, ముక్కు లోపల కలుగు హానిని ప్రకటించిరి. 1990లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ షట్సంయోజక క్రోమియము సమ్మేళనములను, నికెలు సమ్మేళనములను మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చెను. ఐరోపా సంఘములో 2017 సెప్టెంబరు 21 తరువాత ప్రత్యేకమైన అనుమతి లేనిదే క్రోమియము ట్రయాక్సైడును వాడరాదను నియమము అమలులోనికి వచ్చెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము క్రోము వ్రణములను అధికారులకు తెలుపవలసిన వృత్తివ్యాధుల పట్టికలో చేర్చెను. కాని విద్యుత్తుతో పని జరుగు చోట పదిమందికి తక్కువైన దుకాణములకు ఆ చట్టము సాధారణముగ వర్తింపలేదు. పాత వాహనముల మెరుగు పని జరుగునది తరచుగ అట్టి చిన్న దుకాణములలోనే.

క్రోము వ్రణము చిన్నది, గుండ్రనిది, అంచు ఎత్తుగ నుండును. వ్రేళ్ళ కణుపులపై, గోళ్ళ మొదట, ముంజేతిపై పుట్టును. ముక్కులో మొదట నీరు కారును. పిదప పక్కు కట్టును, అప్పుడప్పుడు రక్తము పడును. తుదకు రెండు నాసికా రంధ్రముల నడిమి గోడకు చిల్లు పడును. ఈ చిల్లు తరచుగ నొప్పి లేకయే ఏర్పడుటవలన, పనివాడు దానిని ఎరుగకయే సంవత్సరములు గడపవచ్చును. నొప్పి లేదు గదా యని వైద్యుని వద్దకు పోకుండుటయే ఈ వ్యాధికి బలము. ఊపిరితిత్తుల క్యాన్సరు అనేక సంవత్సరముల తరువాత గాని బయటపడదు. నికెలు వలన కొందరికి చర్మముపై దురద, దద్దురులు పుట్టును. ఒక పర్యాయము ఈ గుణము ఏర్పడినచో జీవితాంతము నిలుచును.

కొన్ని దుకాణములలో జింకుపూతకు సయనైడు ద్రావణము వాడుదురు. ఇందులో ఆమ్లము కలిసినచో హైడ్రోజను సయనైడు వాయువు పుట్టి నిమిషములలో ప్రాణము తీయగలదు. ఆమ్లపు తొట్టి, సయనైడు తొట్టి ప్రక్కప్రక్కన నుండరాదు. రెండింటి నీరు ఒకే కాలువలో పోరాదు. సయనైడు లేని జింకుపూత పద్ధతులు నేడు వాడుకలో నున్నవి గనుక వానినే ఎన్నుకొనుట మేలు. అటులనే అలంకారపు క్రోమియమునకు త్రిసంయోజక క్రోమియపు ద్రావణములు లభించుచున్నవి. వీని వలన అపాయము షట్సంయోజక క్రోమియముకంటె చాల తక్కువ. వర్ణమున కొద్దిపాటి భేదము కానవచ్చునేమో గాని, దానికై ఒకని ముక్కును, ఊపిరిని బలిపెట్టనక్కరలేదు.

తొట్టిలోని నీరు ఎచ్చటికి పోవును అనునది ఊరందరి ప్రశ్న. త్రాగునీటిలో మొత్తము క్రోమియము లీటరునకు 0.05 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణము నిర్ణయించినది. తమిళనాడులోని రాణిపేట వద్ద మూతపడిన ఒక క్రోమేటు కర్మాగారము విడిచిపోయిన లక్ష టన్నులకు మించిన వ్యర్థము దశాబ్దములపాటు ఆ ప్రాంతపు భూగర్భజలమును పాడుచేయుచు వచ్చెను. చిన్న దుకాణపు కాలువ కూడ, కొలది కొలదిగ, అదే దారిని పోవునని మరువరాదు.

రంగులు, ఇసుక, పొగ

ఇనుముపై మొదట పూయు ఎర్రని ప్రైమరులలో రెండు రకములు కలవు. రెడ్ ఆక్సైడు అనునది ఇనుప ఆక్సైడు వర్ణము. రెడ్ లెడ్ అనునది సీసపు సిందూరము. చూపునకు రెండును ఎర్రనివే. సీసపు సిందూరము మాత్రము విషము. పాత వాహనపు రంగును పొడిగ గీకినచో సీసపు ధూళి ఇంటిలోనికి చేరును. చిన్న పిల్లల మెదడు ఎదుగుదలకు సీసము అత్యంత హానికరము. 2016 నాటి నియమములు రంగులలో సీసమును పది లక్షల వంతులలో 90 వంతులకు మించకుండ కట్టడి చేసినవి. కాని అవి గృహములకు, అలంకరణకు వాడు రంగులకే వర్తించును. కావున వాహనపు రంగును కొనునప్పుడు సీసము లేనిదని డబ్బాపై వ్రాసియున్నదానినే అడుగవలెను. పాత రంగును నీటితో తడిపి, తడి సానకాగితముతో రుద్దవలెను.

రెండు డబ్బాలను కలిపి వాడు పాలియురిథేను రంగు గట్టిది, అందమైనది. దాని రెండవ డబ్బాలో ఐసోసయనేటులుండును. వీని తుంపరను పీల్చినవారికి ఉబ్బసము పుట్టవచ్చును. ముఖమునకు చుట్టుకొనిన చేతిరుమాలు వీనిని ఆపదు. అట్టి పనిని గాలి ఏర్పాటు గల గదిలో, తగిన శ్వాసరక్షణ పరికరము ధరించినవారే చేయవలెను. ఇంటి వసారాలో చేయరాదు.

తుప్పును ఊడ్చుటకు ఇసుకను వేగముగ చిమ్ము పద్ధతి మరియొక అపాయము. ఇసుక పగిలి పుట్టు సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో నిలిచి సిలికోసిస్ కలిగించును. ఈ వ్యాధిని నయముచేయు మందు లేదు; క్షయ సోకు అవకాశమును కూడ ఇది పెంచును. బ్రిటనులో పోత వస్తువులను ఇసుకతో శుభ్రపరచుటను 1949 నాటి నిబంధనలు నిషేధించినవి. ఇసుకకు బదులు ఉక్కు రవ్వలు, అల్యూమినియము ఆక్సైడు మున్నగువానిని మూసిన పెట్టెలో వాడవచ్చును.

జింకుపూత గల భాగమును వెల్డింగు చేసినప్పుడు తెల్లని పొగ లేచును. దానిని పీల్చినవానికి ఆ సాయంకాలము చలి, జ్వరము, ఒళ్ళు నొప్పులు, నోటిలో లోహపు రుచి కలుగును. ఇది లోహజ్వరము, ఒకటి రెండు దినములలో తగ్గును. పాలు త్రాగినచో, బెల్లము తినినచో పొగ ఏమియు చేయదని దుకాణములలో నమ్మకము కలదు. పాలు, బెల్లము ఆహారమే గాని ఊపిరితిత్తులలో చేరిన పొగకు విరుగుడు కావు. పూతలో కాడ్మియము ఉన్నయెడల మొదటి లక్షణములు ఇట్లే యుండి, పిమ్మట ఊపిరితిత్తులు వాచి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వెల్డింగునకు ముందు ఆ చోట పూతను తొలగించుట, గాలి వచ్చు దిక్కున నిలుచుట, ఆయాసము కలిగినచో ఆలస్యము చేయక వైద్యశాలకు పోవుట ముఖ్యము.

ఇంటిలో జాగ్రత్తలు

తుప్పు వదలించు ఆమ్లమును పానీయపు సీసాలలో నిలువ చేయరాదు. మంచినీరని భ్రమించి పిల్లలు త్రాగుటకు ఇదియే కారణమగును. త్రాగినచో నోరు పుక్కిలింపజేసి, వాంతి చేయింపక, సీసాతో సహా వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. 108 గాని, 112 గాని పిలువవచ్చును. కంటిలో పడినచో రెప్పలు విప్పి ధారగ మంచినీటితో కనీసము ఇరువది నిమిషములు కడిగి, పిమ్మట వైద్యునకు చూపవలెను.

ఉన్న పూతను కాపాడుకొనుట అన్నిటికంటె చౌకయైనది, ఆరోగ్యకరమైనది. సముద్రతీరమున తిరిగిన వాహనమును మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. తడి వాహనముపై గాలి ఆడని పట్టా కప్పరాదు. మెరయు భాగములకు నెలకొక పర్యాయము మైనము పూయవచ్చును. గొలుసునకు నూనె వేయవలెను. చిన్న గీత పడిన వెంటనే రంగు తాకించినచో పెద్ద ఖర్చు తప్పును. ఈ పనుల తరువాత చేతులను పెట్రోలుతో కాక సబ్బుతో కడుగవలెను.

పని ఇచ్చుటకు ముందు అడుగవలసినవి

పూతపని ఇచ్చువారు దుకాణదారుని మర్యాదగ ఈ సంగతులు అడుగవచ్చును: క్రోమియము త్రిసంయోజకమా? జింకుపూతలో సయనైడు వాడుదురా? తొట్టి అంచున తుంపరను లాగివేయు పంకా కలదా? పనివారికి చేదొడుగులు, కంటద్దాలు, రబ్బరు ముంగుడ్డ కలవా? భోజనమునకు ముందు చేతులు కడుగుటకు వేరు చోటు ఉన్నదా? వైద్యుడు పనివారి ముక్కును, చర్మమును ఎప్పుడు పరీక్షించెను? వ్యర్థజలమును శుద్ధిచేయు ఏర్పాటేది?

పనివాడు తనంతట తాను చేయదగినవి కూడ కలవు. తొట్ల వద్ద తినరాదు, పొగ త్రాగరాదు. పనిబట్టలను ఇంటికి తీసికొనిపోయి పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. చేతిపై గీత పడినచో కప్పకుండ పనిచేయరాదు. ముక్కునుండి రక్తము పడినను, మానని పుండు కానవచ్చినను, “నేను క్రోమియము తొట్టి వద్ద పనిచేయుచున్నాను” అని వైద్యునితో స్పష్టముగ చెప్పవలెను. ఆ ఒక్క మాట లేనిచో వైద్యుడు జలుబునకో, గజ్జికో మందు ఇచ్చి పంపవచ్చును.

ఈ ప్రశ్నలు అడుగువారు నేడు కొందరే. అందరును అడుగనారంభించినచో దుకాణదారునకు పంకా పెట్టించుట నష్టము కాక, బేరమును తెచ్చు యోగ్యతగ మారును. మెరుగు కొంత తగ్గినను, ధర కొంత పెరిగినను, పనివాని క్షేమమును, ఊరి నీటిని కాపాడు పూతనే కోరుట ప్రతి వాహన యజమానికిని సాధ్యమైన పని.